ఓమిక్స్ ఇంటర్నేషనల్

ఓమిక్స్ ఇంటర్నేషనల్ హైదరాబాదు కేంద్రంగా ఏర్పడిన వైజ్ఞానిక పత్రికల ప్రచురణ సంస్థ. శ్రీకాకుళం జిల్లాకు చెందిన గేదెల శ్రీనుబాబు దీనిని 2007లో స్థాపించాడు. వైద్యం, ఔషధశాస్త్రం, జీవసాంకేతిక శాస్త్రం మొదలైన రంగాలలో వందలాది జర్నళ్ళను అంతర్జాలంలో ప్రచురించడం, వివిధ దేశాలలో వైజ్ఞానిక సదస్సులను ఏర్పాటు చేయడం ఈ సంస్థ ప్రధాన కార్యకలాపాలు. తన జర్నళ్ళలో వ్యాసాలను నిపుణులు సమీక్షిస్తారని అసత్య ప్రచారం చేసి పరిశోధకులను మోసగించినదని 2019 మార్చి 29న అమెరికాలోని నెవడా జిల్లా ఫెడరల్ న్యాయస్థానం ఈ సంస్థపై తీర్పునిచ్చింది. 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించవలసిందని ఆదేశించింది. వైద్య పత్రికల ప్రచురణ నీతికి సంబంధించిన చర్చలలో ఈ కేసును తరచుగా ఉదహరిస్తారు.

నేపథ్యం

పరిశోధకుడు పంపిన వ్యాసాన్ని అదే రంగంలోని ఇతర నిపుణులకు పంపి, వారి అభిప్రాయం తీసుకున్న తరువాతనే ప్రచురించడం వైజ్ఞానిక పత్రికలలో స్థిరపడిన ఆచారం. దీనిని పీర్ రివ్యూ లేదా సహపండిత సమీక్ష అంటారు. సమీక్షకులు సాధారణంగా ప్రతిఫలం తీసుకోరు. వారి పేర్లు కూడా చాలా పత్రికలలో బయటకు రావు. అందువలన సమీక్ష నిజంగా జరిగినదా లేదా అన్నది పాఠకుడికి నేరుగా తెలిసే అవకాశం తక్కువ. పత్రిక మాటను నమ్మవలసి ఉంటుంది.

వైద్య పత్రికల విషయంలో ఈ నమ్మకాన్ని నిలబెట్టడానికి కొన్ని అంతర్జాతీయ సంఘాలు నియమాలను రూపొందించాయి. 1978లో కెనడాలోని వాంకూవరులో సమావేశమైన సంపాదకుల బృందం తరువాతి కాలంలో అంతర్జాతీయ వైద్య పత్రికా సంపాదకుల సంఘంగా మారింది. రచయితగా పేరు పెట్టుకోవడానికి ఎవరు అర్హులు, రచయితలకు ఉన్న ఆర్థిక సంబంధాలను ఎలా వెల్లడించాలి, ఒకే వ్యాసాన్ని రెండు చోట్ల ఎందుకు ప్రచురించరాదు అనే విషయాలను ఈ సంఘం నియమాలు వివరిస్తాయి. 1997లో బ్రిటనులో ఏర్పడిన ప్రచురణ నైతిక సంఘం, తప్పుడు వ్యాసాలను ఉపసంహరించే పద్ధతులను సూచించింది.

2000 తరువాత ఓపెన్ యాక్సెస్ పద్ధతి వ్యాపించింది. ఇందులో పాఠకుడు చందా చెల్లించనక్కరలేదు. ప్రచురణ ఖర్చును చాలా సందర్భాలలో రచయిత గాని, అతని సంస్థ గాని భరిస్తుంది. ఖరీదైన పత్రికలను కొనలేని కళాశాలలకు ఇది ఎంతో మేలు చేసింది. అయితే ప్రచురించిన ప్రతి వ్యాసానికీ ఆదాయం వస్తుంది గనుక, వ్యాసాలను తిరస్కరించడం ప్రచురణకర్తకు నష్టంగా మారే అవకాశం కూడా ఈ పద్ధతిలోనే ఉన్నది. సమీక్ష చేయకుండా, చేసినట్లు చెప్పి రుసుము వసూలు చేసే పత్రికలను ప్రిడేటరీ జర్నళ్ళు అంటారు. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో గ్రంథాలయాధికారిగా పనిచేసిన జెఫ్రీ బీల్ 2010 ప్రాంతంలో ఈ పేరును ప్రచారంలోకి తెచ్చాడు.

స్థాపన, విస్తరణ

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసి డాక్టరేటు పొందిన శ్రీనుబాబు, ప్రోటీన్ల అధ్యయనానికి సంబంధించిన జర్నల్ తో ఈ సంస్థను ప్రారంభించాడు. 2012 నాటికి సంస్థ జర్నళ్ళ సంఖ్య 200 దాటింది. తరువాతి కాలంలో 700కు పైగా ఉన్నట్లు సంస్థ ప్రకటించుకున్నది. ఐమెడ్‌పబ్ పేరుతో మరికొన్ని జర్నళ్ళను, కాన్ఫరెన్స్ సిరీస్ పేరుతో సదస్సులను నిర్వహించింది. 2016లో కెనడాకు చెందిన పల్సస్ గ్రూప్, ఆండ్రూ జాన్ పబ్లిషింగ్ అనే వైద్య పత్రికల ప్రచురణ సంస్థలను కొనుగోలు చేసింది. అప్పటికే పేరున్న వైద్య పత్రికలు ఈ సంస్థ చేతికి రావడం కెనడా వైద్యవర్గాలలో ఆందోళన కలిగించింది.

విమర్శలు

జెఫ్రీ బీల్ తన ప్రిడేటరీ ప్రచురణకర్తల జాబితాలో ఓమిక్స్ పేరును చేర్చాడు. 2013 మే నెలలో సంస్థ తరఫు న్యాయవాదులు అతనికి నోటీసు పంపి, 100 కోట్ల డాలర్ల నష్టపరిహారం కోరతామని హెచ్చరించారు. భారత సమాచార సాంకేతిక చట్టంలోని 66ఎ సెక్షన్ ప్రకారం జైలు శిక్ష కూడా పడవచ్చునని అందులో పేర్కొన్నారు. భావప్రకటనా స్వేచ్ఛకు విరుద్ధమని భారత సుప్రీం కోర్టు 2015 మార్చి 24న ఆ సెక్షన్‌నే కొట్టివేసింది. బీల్ తన జాబితాను 2017 జనవరిలో అంతర్జాలం నుండి తొలగించాడు.

2013లోనే అమెరికా ఆరోగ్య శాఖ ఈ సంస్థకు లేఖ వ్రాసి, తమ జాతీయ ఆరోగ్య సంస్థల పేరును, అక్కడి ఉద్యోగుల పేర్లను ప్రచారానికి వాడుకోవడం మానవలసిందని ఆదేశించింది. వైద్య వ్యాసాల ప్రసిద్ధ భాండాగారమైన పబ్‌మెడ్ సెంట్రల్ లో ఓమిక్స్ జర్నళ్ళను చేర్చుకోవడానికి నిరాకరించింది.

అదే సంవత్సరం అక్టోబరులో సైన్స్ పత్రిక ఒక పరీక్ష ఫలితాలను ప్రచురించింది. పాత్రికేయుడు జాన్ బోహనాన్, లైకెన్ల నుండి తీసిన పదార్థం క్యాన్సర్ కణాలను అడ్డుకుంటుందని చెప్పే బూటకపు వ్యాసాన్ని కల్పిత రచయితల పేర్లతో 304 ఓపెన్ యాక్సెస్ జర్నళ్ళకు పంపాడు. జాగ్రత్తగా చదివే ఏ సమీక్షకుడైనా పట్టుకోగల దోషాలను అందులో కావాలనే ఉంచాడు. 157 జర్నళ్ళు దానిని అంగీకరించాయి, 98 తిరస్కరించాయి. భారతదేశం నుండి వెలువడే జర్నళ్ళలో 64 అంగీకరించగా, 15 మాత్రమే తిరస్కరించాయి. అంగీకరించిన వాటిలో ఓమిక్స్ జర్నల్ కూడా ఉన్నది.

2016లో న్యూజిలాండుకు చెందిన ఆచార్యుడు క్రిస్టొఫ్ బార్ట్‌నెక్, ఫోనులో తదుపరి పదాన్ని సూచించే సౌకర్యంతోనే ఒక వ్యాస సంగ్రహాన్ని వ్రాసి, కాన్ఫరెన్స్ సిరీస్ వారి అణుభౌతికశాస్త్ర సదస్సుకు పంపాడు. అర్థం లేని ఆ రచన మూడు గంటలలోనే ఆమోదం పొందింది.

ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వ్యాజ్యం

అమెరికా ప్రభుత్వ వినియోగదారుల రక్షణ సంస్థ అయిన ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016 ఆగస్టులో ఓమిక్స్, ఐమెడ్‌పబ్, కాన్ఫరెన్స్ సిరీస్ సంస్థలపైన, వాటి అధిపతి శ్రీనుబాబుపైన నెవడా జిల్లా న్యాయస్థానంలో దావా వేసింది. అందులోని ముఖ్య ఆరోపణలు ఇవి:

* వ్యాసాలను నిపుణులు సమీక్షిస్తారని చెప్పి, చాలావాటిని సమీక్ష లేకుండానే ప్రచురించడం.
* అనుమతి లేకుండా శాస్త్రవేత్తల పేర్లను సంపాదకవర్గంలో చూపడం.
* ప్రామాణికమైన ఇంపాక్ట్ ఫ్యాక్టర్ లేకున్నా సొంత లెక్కలతో ఉన్నట్లు ప్రకటించుకోవడం.
* వందల నుండి వేల డాలర్ల వరకు ఉండే రుసుమును ముందుగా స్పష్టంగా చెప్పకుండా, వ్యాసం అంగీకరించిన తరువాత అడగడం.
* రచయిత వ్యాసాన్ని వెనక్కు తీసుకుంటానంటే అంగీకరించకపోవడం.
* రావడానికి ఒప్పుకోని ప్రముఖుల పేర్లతో సదస్సులకు ప్రచారం చేయడం.

2017లో న్యాయస్థానం ఇటువంటి ప్రచారాన్ని ఆపవలసిందని తాత్కాలిక నిషేధాజ్ఞ జారీ చేసింది. 2019 మార్చి 29న న్యాయమూర్తి గ్లోరియా నవారో తుది తీర్పు వెలువరించింది. సంస్థ ప్రచురించిన సుమారు 69,000 వ్యాసాలలో 49 శాతానికి మాత్రమే ఏదో ఒక రూపంలో సమీక్ష జరిగినట్లు ఆధారాలున్నాయని తేలింది. కమిషన్ పరిశీలించిన 100 సదస్సులలో 60 శాతం, ఒప్పుకోని వ్యక్తుల పేర్లను ప్రకటించినవే. వినియోగదారులు చెల్లించిన రుసుముల ఆధారంగా 5,01,30,811 డాలర్లు చెల్లించాలని న్యాయస్థానం ఆదేశించింది. నాటి మారకపు విలువలో ఇది సుమారు 350 కోట్ల రూపాయలు. రుసుములను స్పష్టంగా ప్రకటించాలని, సంపాదకులుగా చూపేవారి నుండి వ్రాతపూర్వక అనుమతి తీసుకోవాలని కూడా ఆదేశించింది. 2020లో తొమ్మిదవ సర్క్యూట్ అప్పీళ్ళ న్యాయస్థానం ఈ తీర్పును సమర్థించింది.

సంస్థ వాదన

ఈ ఆరోపణలు నిరాధారమని సంస్థ మొదటి నుండీ వాదించింది. వైజ్ఞానిక సమాచారాన్ని అందరికీ ఉచితంగా అందించడమే తమ ఉద్దేశమని, చందాలపై కోట్లు గడించే పాత ప్రచురణ సంస్థలకు మేలు చేయడానికే తమపై చర్య తీసుకుంటున్నారని పేర్కొన్నది. చందా పత్రికల అధిక ధరలపై శాస్త్రవేత్తలలో విస్తృతమైన అసంతృప్తి ఉన్నమాట వాస్తవమే. అయితే న్యాయస్థానం ముందున్న ప్రశ్న ఓపెన్ యాక్సెస్ పద్ధతి మంచిదా చెడ్డదా అన్నది కాదు. చేయని సమీక్షను చేసినట్లు చెప్పవచ్చునా అన్నదే.

ప్రచురణ నీతి దృష్ట్యా ప్రాముఖ్యత

వ్యాసాన్ని వెనక్కు ఇవ్వకపోవడం చిన్న విషయంగా కనిపించినా, ప్రచురణ నియమాల వలన అది రచయితను పూర్తిగా బంధిస్తుంది. ఒకసారి ప్రచురితమైన వ్యాసాన్ని, లేదా ఒక పత్రిక పరిశీలనలో ఉన్న వ్యాసాన్ని మరొక పత్రిక స్వీకరించదు. అందువలన తెలియక ఇటువంటి జర్నల్ కు పంపిన పరిశోధకుడు ఏళ్ళ తరబడి చేసిన పనిని మంచి పత్రికలో ప్రచురించుకునే అవకాశాన్ని కోల్పోతాడు.

ఈ వ్యాజ్యంలో బాధితులుగా పరిగణింపబడినవారు రుసుము చెల్లించిన రచయితలు, సదస్సులకు హాజరైనవారు. వైద్య వ్యాసాన్ని నమ్మి చికిత్స చేసే వైద్యునికి, ఆ చికిత్స పొందే రోగికి కలిగే నష్టం వినియోగదారుల చట్టం క్రింద విచారణాంశం కాలేదు. సమీక్ష లేని వ్యాసం కూడా అంతర్జాల శోధనలో సమీక్షించిన వ్యాసం పక్కనే కనిపిస్తుంది. పలు అధ్యయనాలను కలిపి సారాంశం తీసేవారు దానిని కూడా లెక్కలోకి తీసుకునే ప్రమాదం ఉన్నది. మరొకవైపు, తెలిసి తెలిసి ఇటువంటి జర్నళ్ళలో వ్యాసాలు ప్రచురించుకొని పదోన్నతి పొందేవారు కూడా ఉంటారు. వారిని బాధితులనడానికి వీలులేదు.

భారతదేశంలో చర్యలు

భారత వైద్య మండలి 2000 నాటి నిబంధనలలో స్నాతకోత్తర వైద్య విద్యార్థులు ఒక పరిశోధనా వ్యాసాన్ని ప్రచురించడమో, ప్రచురణకు పంపడమో చేయాలని నిర్దేశించింది. అధ్యాపకుల పదోన్నతికి కూడా ప్రచురణలు తప్పనిసరి అయ్యాయి. పరిశోధనకు తగిన సమయం, నిధులు లేని కళాశాలలలో కూడా వ్యాసాల సంఖ్య అవసరం కావడంతో డబ్బు తీసుకుని త్వరగా ప్రచురించే జర్నళ్ళకు గిరాకీ పెరిగింది. 2015లో మండలి కేవలం అంతర్జాలంలో వెలువడే జర్నళ్ళను లెక్కించబోమని ప్రకటించింది. మంచి అంతర్జాల పత్రికలు కూడా దీనివలన నష్టపోతాయని పలువురు సంపాదకులు విమర్శించారు. 2020లో వైద్య మండలి స్థానంలో జాతీయ వైద్య కమిషన్ ఏర్పడింది.

విశ్వవిద్యాలయాల నిధుల సంఘం 2018 మే నెలలో తన ఆమోదిత జాబితా నుండి 4,305 జర్నళ్ళను తొలగించింది. 2019లో కేర్ అనే కొత్త జాబితాను ప్రవేశపెట్టింది. 2025 ఫిబ్రవరిలో దానిని కూడా నిలిపివేసి, జర్నళ్ళ నాణ్యతను నిర్ణయించే బాధ్యతను విద్యాసంస్థలకే అప్పగించింది.

ఉత్తరాంధ్ర సందర్భం

సంస్థాపకుని సొంత జిల్లా అయిన శ్రీకాకుళంలోనే వైద్య పరిశోధన విశ్వసనీయత ఎంత అవసరమో తెలిపే ఉదాహరణ ఉన్నది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, వజ్రపుకొత్తూరు, మందస, పలాస మండలాలతో కూడిన ఉద్దానం ప్రాంతంలో దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి ఎక్కువగా కనిపిస్తుంది. 2019లో కిడ్నీ ఇంటర్నేషనల్ రిపోర్ట్స్ పత్రికలో వెలువడిన అధ్యయనంలో 2,210 మందిని పరీక్షించగా, 18 శాతానికి పైగా ఈ వ్యాధి ఉన్నట్లు తేలింది. వారిలో అత్యధికులకు వ్యాధిని కలిగించే సాధారణ కారణాలైన మధుమేహం, రక్తపోటు వంటివి కనిపించలేదు. త్రాగునీటిలోని సిలికా, భారలోహాలు, పురుగుమందులు, ఎండలో శ్రమ, జన్యు కారణాలు అని పలు ప్రతిపాదనలు వచ్చినా, అసలు కారణం నిర్ధారణ కాలేదు. 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండ వ్యాధుల పరిశోధనా కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి.

కారణం తేలని వ్యాధి విషయంలో సమీక్ష లేని వ్యాసం చేసే హాని ఎక్కువ. నీటిలో దోషమున్నదని ఒక వ్యాసం, లేదని మరొక వ్యాసం చెప్పినప్పుడు, ఏ నమూనాలను ఎలా సేకరించారో, ఏ పరికరంతో కొలిచారో సమీక్షకుడు అడిగినట్లయితేనే పాఠకుడు రెండింటినీ పోల్చగలడు. మంచినీటి పథకాల వంటి ఖర్చుతో కూడిన నిర్ణయాలు కూడా ఇటువంటి వ్యాసాల ఆధారంగానే జరుగుతాయి. శ్రీకాకుళంలోని ప్రభుత్వ వైద్య కళాశాల, రాగోలులోని జెమ్స్, విజయనగరం జిల్లా నెల్లిమర్లలోని మహారాజా వైద్య విజ్ఞాన సంస్థ, 2023లో ప్రారంభమైన విజయనగరం ప్రభుత్వ వైద్య కళాశాల ఈ ప్రాంతంలోని వైద్య విద్యాసంస్థలు.

జర్నళ్ళను గుర్తించే విధానం

జర్నల్ కు వ్యాసం పంపేముందు ఈ క్రింది విషయాలను పరిశీలించాలని నిపుణులు సూచిస్తారు:

* సంపాదకవర్గంలోని వారి పేర్లు, వారి విశ్వవిద్యాలయ పుటలలో కూడా ఆ విషయం కనిపిస్తున్నదా.
* జర్నల్ పబ్‌మెడ్ లో గాని, ఓపెన్ యాక్సెస్ పత్రికల అంతర్జాతీయ సూచికలో గాని ఉన్నట్లు చెప్పుకుంటే, ఆ సూచికలోనే వెతికి నిర్ధారించుకోవడం.
* రుసుము ఎంతో ముందుగానే ప్రకటించారా.
* కొద్ది రోజులలోనే ప్రచురిస్తామని హామీ ఇస్తున్నారా. నిజమైన సమీక్షకు సాధారణంగా వారాలు, నెలలు పడుతుంది.
* వ్యాసాలు పంపమని పొగడ్తలతో కూడిన ఉత్తరాలు, తమ రంగం కాని జర్నళ్ళ నుండి కూడా వస్తున్నాయా.

ఇవి కూడా చూడండి

* పీర్ రివ్యూ
* ఓపెన్ యాక్సెస్
* గ్రంథచౌర్యం
* ఉద్దానం
* జాతీయ వైద్య కమిషన్