కౌశిక దాటే ప్రభ ఒక్కటేనా తీర్థం?

కనుమ నాటి కోనసీమ జగ్గన్నతోట ప్రభల తీర్థం అనగానే ఇవాళ తెలుగువాళ్ల కళ్లకు కట్టే బొమ్మ ఒక్కటే: పీకల్లోతు నీళ్లలో ఎగువ కౌశికను దాటుతున్న ప్రభ (దేవుణ్ణి ఊరేగించే వెదురు కట్టడం), కింద దాన్ని మోస్తున్న భుజాలు. సప్త గోదావరుల్లో ఒకటిగా చెప్పుకునే కౌశిక పేరు మిగిలిన ఆ పాయను గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు దాటే రావాలి గనుక ఆ బొమ్మలో అబద్ధమేమీ లేదు. కానీ కెమెరాలన్నీ ఆ గట్టు మీదే గుమిగూడితే తీర్థానికి అసలు కారణం మరుగున పడుతుంది. పదకొండు ఊళ్ల శివుళ్లు, అంటే ఏకాదశ రుద్రులు, ఏడాదికోసారి ఒకచోట చేరి లోకక్షేమం మాట్లాడుకుంటారన్నది ఇక్కడివాళ్ల నమ్మకం. ఆ చోట గుడి లేదు, గోపురం లేదు; ఉన్నది మొసలపల్లి శివారు కొబ్బరితోట. ఆ రుద్రుల్లో ఒకరైన వ్యాఘ్రేశ్వరుడి ప్రభ తోటలోకి రాగానే మిగతా ప్రభలను ఒక్కసారి పైకి లేపి గౌరవిస్తారు. ఊరికీ ఊరికీ మధ్య మర్యాద ఎలా నడుస్తుందో చూపించేది ఆ క్షణమే. నా లెక్కలో కౌశిక దాటడం కన్నా అదే పెద్ద ఘట్టం.

మన ఆచారాలను కెమెరా చూసిన తీరుకూ ఒక చరిత్ర ఉంది. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్, కె. రంగాచారితో కలిసి దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు వెలువరించాడు. అందులో మనుషుల్ని నమూనాలుగా నిలబెట్టి తీసిన ఫొటోలున్నాయి. వాటి కింద కులం పేరుంటుంది, మనిషి పేరు మాత్రం సాధారణంగా కనబడదు. అది బ్రిటిష్ పాలకుల చూపు. ఇప్పుడు తీస్తున్నది మన పిల్లలే, ప్రభ మోసేవాళ్ల అన్నదమ్ములే. అయినా ఫోన్లలో తిరిగే బొమ్మల కింద చాలాసార్లు ఊరి పేరు కూడా ఉండదు, ఏ ఏడాదిదో తెలియదు. ఎక్కువగా నోటిమాట మీద నడిచిన ఆచారానికి ఇకపై దస్తావేజులు ఈ ఫొటోలే కాబట్టి ఈ లోటు చిన్నది కాదు.

దేవుడి పనిలో కెమెరా ఎందుకని కొందరి అభ్యంతరం. గర్భగుడి విషయంలో, పూనకం వచ్చిన మనిషి విషయంలో ఆ మాట నిజమే, అడగకుండా తీయకూడదు. ప్రభ సంగతి వేరు. గుడికి రాలేనివాళ్లకు కూడా కనిపించాలనే దేవుడు పొలాల మీదుగా బయలుదేరతాడు. పచ్చని చేను తొక్కుకుంటూ పోయినా రైతు శుభమనే అనుకుంటాడు. అందమైన బొమ్మ వల్లనే కదా తీర్థానికి పేరొచ్చిందని ఇంకొందరంటారు. 2023 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటంగా ప్రభల తీర్థమే నడిచింది. అది కోనసీమకు దక్కిన గౌరవం, కాదనను. అయితే శకటం మీద కనిపించేది ముస్తాబైన ప్రభ. వెదురు బద్దలు వంచి కట్టిన చేతులు, రంగు బట్ట బిగించిన ముడులు, కొత్త వరి కంకులు, నెమలి ఈకలు, గంటలు ఒక్కొక్కటే ఎక్కే క్రమం అక్కడ కనబడవు. తీర్థం చరిత్రలో సగం ఆ పనిలోనే ఉంది.

వచ్చే కనుమకు కెమెరాతో వెళ్లేవాళ్లు నాలుగు రోజులు ముందే వెళ్లండి. ప్రభ కట్టే చోట కూర్చోండి. ప్రతి ఫొటోకూ ఊరు, సంవత్సరం, ఒప్పుకుంటే కట్టినవాళ్ల పేర్లు రాసి, ఒక ప్రతి ఆ ఊరి గుడిలో ఇచ్చి రండి.