హుసేన్ ఖాన్ నెత్తురు తాగిన దోమ

1897 ఆగస్టు 20, శుక్రవారం. మధ్యాహ్నం ఒంటిగంట కావస్తోంది. సికింద్రాబాదు బేగంపేటలోని మిలిటరీ ఆసుపత్రి గదిలో ఉక్క చంపేస్తోంది. అయినా పంకా లాగనివ్వడం లేదు రొనాల్డ్ రాస్. లాగితే గాజు పలక మీద కోసిపెట్టిన దోమ ఎగిరిపోతుంది. ఆ గాలి లేకపోయేసరికి సన్నని ఈగలు కళ్లలోనూ చెవుల్లోనూ దూరుతున్నాయి. నుదుటి చెమట కారి కారి మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయి. మిగిలిన ఒకే ఒక్క కంటి అద్దానికీ పగులు పడింది.

రాస్ సైన్యంలో డాక్టరు. వయసు నలభై. అల్మోరాలో పుట్టినవాడు, కవిత్వం పిచ్చి ఉన్నవాడు. 1894లో లండన్ వెళ్లినప్పుడు పాట్రిక్ మాన్సన్ అనే పెద్దాయన నెత్తుటి చుక్కలో మలేరియా క్రిమిని చూపించి, దీని మిగతా కథ దోమ కడుపులో ఉందని చెవిలో వేశాడు. అయితే దోమ నుంచి మనిషికి తిరిగి ఎలా చేరుతుందన్న దగ్గర మాన్సన్ దారి తప్పాడు. దోమ నీళ్లలో పడి చస్తుంది, ఆ నీళ్లు తాగినవాడికి జ్వరం వస్తుంది అనుకున్నాడు. గురువు మాట నమ్మి రాస్ దోమలు చచ్చిన నీళ్లను మనుషుల చేత తాగించి కూడా చూశాడు. ఈ రోజుల్లో అయితే జైలుకే.

రెండేళ్లు గడిచాయి. బూడిదరంగు దోమల్ని కోశాడు, చారల దోమల్ని కోశాడు. దేనిలోనూ ఏమీ లేదు. ఆ జాతుల్లో మనిషి మలేరియా పెరగదని అప్పటికి ఎవరికీ తెలియదు. ఆగస్టు నడిమధ్యలో, దోమపిల్లలు పట్టి తెచ్చే మనిషి ఒక సీసా తెచ్చాడు. అందులోంచి లేచినవి వేరే తీరు. గోధుమరంగు ఒళ్లు, రెక్కల మీద మచ్చలు. ఇవాళ మనం అనాఫిలిస్ అంటున్న జాతి అదే.

16వ తేదీన హుసేన్ ఖాన్ అనే రోగిని దోమతెరలో పడుకోబెట్టి ఈ దోమల్ని వదిలారు. కుట్టిన దోమకు ఒక అణా చొప్పున కూలి. ఆయన నెత్తుట్లో నెలవంక ఆకారంలో ఉన్న క్రిములు కనబడ్డాయి కాబట్టే ఆయన్ని ఎంచుకున్నారు. పుస్తకాల్లో ఈ మనిషి పేరు ఒక్క వాక్యంలో వచ్చి పోతుంది. నన్నడిగితే సగం కథ ఆ నెత్తుటిదే. నోబెల్ బహుమతి దాకా పోయిన దారి మొదలైంది ఆ అణాల కూలి దగ్గర.

కుట్టిన దోమల్లో కొన్ని చచ్చాయి, కొన్నింటిని కోసినా ఫలితం లేకపోయింది. 20వ తేదీకి మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. ఆ మధ్యాహ్నం రాస్ ఒక దోమను కోసి ఒళ్లంతా వెతికాడు. ఇక కడుపు గోడ మాత్రమే మిగిలింది. కళ్లు లాగేస్తున్నాయి, ఇంత శ్రమా దండగే అనిపిస్తోంది. అయినా చూశాడు. గోడ మీద గుండ్రని అంచు ఒకటి స్పష్టంగా కనబడింది. మిల్లీమీటరులో వందో వంతు కన్నా కాస్త పెద్దది. దోమ కడుపు కణాలు అలా ఉండవు. అద్దం కొంచెం తిప్పితే లోపల నల్లటి రేణువుల గుంపు. మలేరియా రోగి నెత్తుటి క్రిమిలో తాను వందలసార్లు చూసిన రేణువులే అవి. మర్నాడు ఇంకో దోమను కోశాడు. అందులో ఆ కణాలు మరింత పెద్దవయ్యాయి. అంటే పెరుగుతున్నాయన్నమాట.

డిసెంబరు 18న బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం వచ్చింది. ఈలోపే దొరలు ఆయన్ని రాజపుటానాలోని ఖేర్వారాకు బదిలీ చేశారు. 1898లో కలకత్తాలో పక్షుల మలేరియా మీద రాస్ మిగతా దారి తేల్చాడు. క్రిమి దోమ లాలాజల గ్రంథిలో చేరి, కాటుతో ఒంట్లోకి పోతుంది. మనిషి మలేరియాలో అదే సంగతిని ఇటలీ శాస్త్రజ్ఞులు నిరూపించారు. 1902లో రాస్‌కు నోబెల్ వచ్చింది. ఇదంతా బడిపిల్లలకు తెలిసిన కథ.

తెలియని కథ ఆ గుండ్రని కణంలో ఉంది.

మనిషి నెత్తుట్లో ఉన్నంతసేపూ మలేరియా క్రిమి చేసేది ఒక్కటే పని, తనకు తాను నకళ్లు తీసుకోవడం. దానికి 14 క్రోమోజోములు, ఒక్కోటి ఒక్కో ప్రతి. నకళ్లలో అప్పుడప్పుడూ అక్షరదోషాలు పడతాయి, అంతే. హుసేన్ ఖాన్ నెత్తుటిలోని నెలవంకలు వేరు. అవి ఆడ, మగ రూపాలు. దోమ కడుపులోకి పోయాకే అవి కలుస్తాయి. ఒక్క రోజు గడిచేలోపు రెండింటి జన్యువులూ కలిసి కొత్తగా పంపకమవుతాయి. ఆ పిండం కడుపు గోడను తొలుచుకుని వెళ్లి గూడు కట్టుకుంటుంది. రాస్ చూసిన గుండ్రని అంచు ఆ గూడుదే. అప్పటికి దాని వయసు నాలుగు రోజులు, అసలు తతంగం ముగిసి మూడు రోజులైంది. ఆ కలయిక మొదటి ఘట్టాన్ని అదే ఏడు, అమెరికాలోని బాల్టిమోర్‌లో వైద్యం చదివిన విలియం మాకల్లమ్ పక్షి నెత్తుటిలో చూశాడు. సన్నని దారప్పోగు లాంటిది ఒకటి ఈదుకుంటూ పోయి గుండ్రని కణంలో దూరిపోయింది. ఆ పోగులు చచ్చే క్రిమి గిలగిలలాట మాత్రమేనని అప్పటిదాకా వాదించినవాళ్లున్నారు.

పశువుల సంగతి తెలిసిన ముండ్లమూరు పాఠకులకు ఇది చెప్పడం తేలిక. నాటు ఆవును ఒంగోలు గిత్తకు కట్టిస్తే దూడకు మూపురం తండ్రిదీ, పాలు తల్లివీ రావచ్చు. మలేరియా క్రిమికి దోమ కడుపే ఆ దొడ్డి. ఒకటే షరతు: దోమ తాగిన నెత్తుట్లో రెండు రకాల క్రిములు ఉండాలి. ఒకటే రకం ఉంటే తనతో తానే కలుస్తుంది, పుట్టేది పాతదే.

మనిషి మలేరియాలో ఈ మాట ప్రయోగంలో తేలడానికి తొంభై ఏళ్లు పట్టింది. ఎడిన్‌బరోలో డేవిడ్ వాలికర్ ముందు ఎలుకల మలేరియాతో మొదలుపెట్టాడు. 1987లో ఆయన బృందం మనిషి మలేరియా క్రిముల్లో ఒక జాతి అయిన ఫాల్సిపారంలో రెండు రకాల్ని దోమలో కలిపి, పుట్టిన క్రిముల్లో రెండింటి జన్యువులూ కలగలిసి ఉన్నాయని చూపించింది. వాటిలో ఒకటి హోండురాస్‌ది. రెండోదాని మూలం ఆమ్‌స్టర్‌డామ్ విమానాశ్రయ పరిసరాల్లో జ్వరపడిన ఒక వ్యక్తి నెత్తురు. ఈ రెండో రకం జన్యుపటాన్నే 2002లో పూర్తిగా చదివారు. సుమారు 2 కోట్ల 30 లక్షల అక్షరాలు, 5,300 జన్యువులు. అందులో అరవై దాకా జన్యువులు క్రిమికి వేషం మార్చే పనిలోనే ఉంటాయి. ఒంటి రక్షణ వ్యవస్థ ఒక వేషాన్ని గుర్తుపట్టేసరికి ఇంకో వేషం వేస్తుంది. ఊరూరికీ, క్రిమి క్రిమికీ ఆ వేషాల పెట్టె వేరు. ఒకసారి మలేరియా వచ్చినవాడికి మళ్లీ మళ్లీ రావడానికీ, టీకా తయారీకి ఇన్నేళ్లు పట్టడానికీ ఇదొక పెద్ద కారణం.

మన వైపు పెద్దవాళ్లకు మలేరియా అనక్కర్లేదు, చలిజ్వరం అంటే చాలు. ఇళ్లలో దోమల మందు డి.డి.టి. కొట్టినవాళ్లు గోడల మీద తేదీ రాసి వెళ్లడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. 1953లో మొదలైన ఆ కార్యక్రమంతో 1965కల్లా దేశంలో మలేరియా కేసులు లక్షకు దిగాయి. 1976 నాటికి మళ్లీ 64 లక్షలు. డి.డి.టి.కి దోమ మొండికేసింది, కార్యక్రమమూ సడలింది. 1973లోనే అస్సాంలో క్లోరోక్విన్ అనే మలేరియా మందుకు లొంగని ఫాల్సిపారం బయటపడింది. ఆ మొండితనం ఏ జన్యువులో ఉందో 2000లో గాని దొరకలేదు. చిత్రమేమిటంటే, మన దేశంలో ఎక్కువగా కనబడే ఆ మారిన జన్యువు, ఆగ్నేయాసియా నుంచి ఆఫ్రికాకు పాకిన రూపం కాదు. పాపువా న్యూగినీలో దొరికే రూపానికి దగ్గరిది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. మలేరియా తక్కువ ఉన్నచోట ప్రమాదం తక్కువేలే అనుకుంటాం. కేసుల లెక్కలో నిజమే. కానీ అలాంటిచోట మనిషి ఒంట్లో సాధారణంగా ఒక్క రకం క్రిమే ఉంటుంది, దోమలో అది తనతో తానే కలుస్తుంది. మందుకు లొంగని జన్యువుల జట్టు ఒకసారి కుదిరితే, అది చెదరకుండా తరతరాలకూ సాగుతుంది. మందుకు లొంగని రకాలు ఆఫ్రికాలో కాక కేసులు తక్కువున్న ఆగ్నేయాసియాలో ముందు తలెత్తడానికి చాలామంది శాస్త్రజ్ఞులు చెప్పే కారణాల్లో ఇదొకటి. మన రాష్ట్రంలో మలేరియా బరువు ఎక్కువగా మన్యానిదే. మార్కాపురం, గిద్దలూరు, ముండ్లమూరు పల్లెల నుంచి పనుల కోసం దూరాలు పోయి వచ్చేవాళ్లు మాత్రం బోలెడంతమంది. ఎక్కడి క్రిమినో నెత్తుట్లో మోసుకొచ్చిన మనిషిని ఇక్కడి అనాఫిలిస్ కుట్టడానికి ఒక్క రాత్రి చాలు.

అందుకే హుసేన్ ఖాన్ నెలవంకల్ని మర్చిపోకూడదు. ఫాల్సిపారం జ్వరానికి ఇచ్చే ముఖ్యమైన మందులు జ్వరాన్ని దించుతాయి, నెలవంకల్ని మాత్రం పూర్తిగా చంపవు. జ్వరం తగ్గి పొలం వెళ్లిన మనిషి నెత్తుట్లో అవి ఇంకా కొన్ని వారాలు తిరుగుతుంటాయి, దోమ కోసం. వాటిని చంపేది ప్రైమాక్విన్ మాత్ర. ఫాల్సిపారం అయితే ఒక్కసారి, వైవాక్స్ అనే ఇంకో జాతి అయితే కాలేయంలో దాక్కున్న క్రిముల కోసం 14 రోజులు. జ్వరం పోయింది కదా అని చాలామంది వదిలేసేది ఈ మాత్రనే. గర్భిణులకూ, పసిపిల్లలకూ దీన్ని వేయకూడదు; జి6పిడి అనే ఎంజైము లోపం ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా వేసుకోకూడదు. జ్వరం ఎవరికి వచ్చినా నెత్తురు పరీక్ష చేయించుకోండి. మలేరియా అని తేలితే ఒళ్లు తేలికపడ్డాక కూడా రాసిచ్చిన మాత్రలన్నీ, అందులో ప్రైమాక్విన్ ఉంటే దానితో సహా, మింగండి.