మట్టి దిమ్మె నుంచి ప్రైమావెరా దాకా

మట్టి పని తెలిసినవాళ్లకు దిమ్మె సంగతి చెప్పనక్కర్లేదు. తెలకపల్లి మండలంలో చెరువు పూడిక తీసినా, నాగర్‌కర్నూల్ వైపు కాలువ తవ్వినా గుంత నడుమ కొంత నేలను తవ్వకుండా అలాగే నిలబెడతారు. దాని తల ఉన్న ఎత్తే పాత నేల మట్టం. అక్కడినుంచి కిందికి టేపు పట్టి చూస్తే లోతు తేలుతుంది. పొడవు, వెడల్పు, లోతు గుణిస్తే ఎన్ని క్యూబిక్ మీటర్ల మట్టి లేచిందో తెలుస్తుంది. కూలీ, బిల్లూ దాన్నిబట్టే. కొలత అయ్యేదాకా ఆ దిమ్మెను కదపకూడదు.

పెద్ద నిర్మాణ సంస్థల్లో ఇప్పుడు ‘ప్రాజెక్ట్ కంట్రోల్స్’ అనే వృత్తి ఒకటుంది. ఈ రోజుకు ఎంత పని కావాలి, ఎంత అయింది, దానికి ఎంత ఖర్చయింది, మిగిలింది ఎప్పటికి, ఎంతకు పూర్తవుతుంది? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పడమే ప్లానింగ్ ఇంజనీరు, కాస్ట్ ఇంజనీరు చేసే పని. కంప్యూటర్ తెర మీద నడుస్తుంది కాబట్టి కొత్త విద్యలా కనిపిస్తుంది గానీ, దీని వేళ్లు ఆ గుంతలోనే ఉన్నాయి.

మన దేశంలో ఆ కొలతకు కాగితం మీద చోటిచ్చింది పబ్లిక్ వర్క్స్ శాఖ. గవర్నర్ జనరల్ డల్హౌసీ కాలంలో, 1854లో ఆ శాఖ కేంద్ర స్థాయిలో ఏర్పడింది. దాని లెక్కలకు ప్రాణం కొలతల పుస్తకం, అంటే మన ఇంజనీర్లు ఎం.బుక్ అని పిలిచేది. పేజీలకు ముందే నంబర్లు అచ్చువేసి ఉంటాయి. కొలత పని జరిగిన చోటే రాయాలి. తప్పు పడితే చెరపకూడదు. కొట్టేసి, సరైనది రాసి, పక్కన పొట్టి సంతకం పెట్టాలి. కింది ఇంజనీరు రాసినదాన్ని పై ఇంజనీరు చెక్ మెజర్‌మెంట్ చేస్తాడు. కోట్ల రూపాయల బిల్లయినా ఈ పుస్తకంలో ఎక్కకుండా కదలదు.

ఎం.బుక్ జరిగిన పని చెబుతుంది. జరగాల్సిన పనిని ముందే గీసి చూపించే విద్య వేరే దేశాల్లో పెరిగింది. 1896లో పోలండ్ ఇంజనీరు కరోల్ అదామీయెత్‌స్కీ పనుల క్రమాన్ని పటంగా వేశాడు. 1910ల్లో అమెరికాలో హెన్రీ గాంట్ ప్రతి పనికీ ఒక పట్టీ గీసి కాలాన్ని కంటికి కనిపించేలా చేశాడు. 1957లో డ్యూపాంట్, రెమింగ్టన్ రాండ్ సంస్థల నిపుణులు క్రిటికల్ పాత్ పద్ధతిని తయారుచేశారు: ఏ పని ఒక రోజు ఆగితే మొత్తం ప్రాజెక్టు ఒక రోజు వెనక్కి పోతుందో అది పట్టి ఇస్తుంది. మరుసటి ఏడు అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణుల కోసం పెర్ట్ అనే ప్లానింగ్ పద్ధతిని తెచ్చింది.

1967లో అమెరికా రక్షణ శాఖ తన కాంట్రాక్టర్లకు 35 నియమాలు పెట్టడంతో కొలతా, కాలమూ, ఖర్చూ ఒక్క చోట కలిశాయి. అందులోని తర్కం మన మేస్త్రీలందరికీ అర్థమయ్యేదే. పది కోట్ల కాలువ పని అనుకుందాం. ఆరు నెలలకు ఐదు కోట్ల విలువైన పని కావాలి. ఖర్చు సరిగ్గా ఐదు కోట్లే అయింది. ఖాతా చూసినవాడు అంతా సవ్యంగా ఉందంటాడు. కొలిచి చూస్తే అయిన పని నాలుగు కోట్లదే. అంటే రూపాయి పెడితే ఎనభై పైసల పనే జరుగుతోంది. ఇలాగే సాగితే పది కోట్లలో తేలాల్సింది పన్నెండున్నర కోట్లకు చేరుతుంది. ఈ మాటను ఆరో నెలలోనే చెప్పగలగడం ఈ వృత్తి చేసే గొప్ప మేలు. చివర్లో చెబితే అది వార్త మాత్రమే. మధ్యలో చెబితే దిద్దుకోవచ్చు.

ఇంత పని చేసేవాళ్లకు గుర్తింపు మాత్రం నెమ్మదిగా వచ్చింది. గాంట్ 1919లో చనిపోతే, ఆయన పేరిట పెట్టిన పతకం 1929లో మొదట ఆయనకే, మరణానంతరం, దక్కింది. 1956లో అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ విశ్వవిద్యాలయంలో 59 మంది కాస్ట్ ఇంజనీర్లు, ఎస్టిమేటర్లు చేరి ఒక సంఘం పెట్టుకున్నారు. అదే నేటి ఏఏసీఈ ఇంటర్నేషనల్. అది పరీక్షలు పెట్టి సర్టిఫికెట్లు ఇస్తుంది; వృత్తిలో పండినవాళ్లను ఫెలోలుగా గౌరవిస్తుంది. 1983లో షెడ్యూలు సాఫ్ట్‌వేర్ చేసే ప్రైమావెరా కంపెనీ పుట్టాక షెడ్యూలు వేయడం ఒక ఉద్యోగంగా మరింత స్థిరపడింది. హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ స్టాఫ్ కాలేజీ, నిక్‌మార్ లాంటి సంస్థలు నిర్మాణ నిర్వహణలో శిక్షణ ఇస్తున్నాయి.

తెలుగు నేల మీద ఇలాంటి గౌరవం అంతకు చాలా ముందే ఒకరికి దక్కింది. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట అనగానే దాన్ని కట్టించిన ఇంజనీరు కాటన్ గుర్తొస్తాడు. ఆ పనిలో ఆయనకు కుడిభుజం వీణెం వీరన్న. వేల మంది కూలీలను సమకూర్చి పని నడిపించినందుకు ఆయనకు రాయ్ బహద్దూర్ బిరుదు వచ్చింది. 1867లో కన్నుమూస్తే ధవళేశ్వరంలోనే ఆయన పేరున శిలాఫలకం నిలిపారు. ఇటు తెలంగాణలో నిజాంసాగర్ కట్టించిన అలీ నవాజ్ జంగ్ పుట్టినరోజు జూలై 11ను ఇంజనీర్ల దినంగా జరుపుకుంటున్నాం.

పాలమూరుకు, అంటే పాత మహబూబ్‌నగర్ జిల్లాకు, ఈ చరిత్రలో పెద్ద వాటా ఉంది. నాగార్జునసాగర్, శ్రీశైలం లాంటి కట్టడాల్లో పాలమూరు లేబర్ చెమట ఉంది. గుంపు మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి కుటుంబాలను తీసుకుపోయేవాడు. ఎవరికెంత ఇచ్చాడు, ఎన్ని రోజులు పని జరిగింది, ఇంకెంత బాకీ అన్న లెక్క అతని చేతిలోనే ఉండేది. చదువు లేని కూలీ ఆ లెక్కను అడగలేకపోయేవాడు. వలస కూలీల రక్షణకు 1979లో పార్లమెంటు చట్టం చేయాల్సి వచ్చిందంటే దానికి ఒక కారణం ఇలాంటి లెక్కలే. కొలత అందరికీ కనిపించని చోట కష్టం ఒకరిది, ఫలితం ఇంకొకరిది అవుతుంది.

ఒకప్పుడు పని కోసం వలస పోయిన ఈ నేలకు ఇప్పుడు పనే వచ్చింది. కల్వకుర్తి ఎత్తిపోతల ఎల్లూరు, జొన్నలబొగుడ, గుడిపల్లిగట్టు అంచెల్లో కృష్ణా నీళ్లను పైకి తెస్తోంది. పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతలకు 2015 జూన్ 11న శంకుస్థాపన జరిగితే, నార్లాపూర్‌లో మొదటి పంపును 2023 సెప్టెంబర్ 16న ప్రారంభించారు. రైతుకు ఆ మధ్య గడిచిన ప్రతి సీజనూ చేజారిన ఒక పంట. అందుకే ఏ కాలువ ఎంతవరకు వచ్చింది, ఏది దేనికోసం ఆగింది అన్నది ఊళ్లో అందరికీ తెలిసేలా ఉండాలి.

తెలకపల్లిలో డిప్లొమా, బీటెక్ చదివే పిల్లలకు నేను చెప్పేది ఒకటే. టేపు పట్టడం నేర్చుకోండి, ఎం.బుక్ చదవడం నేర్చుకోండి, తర్వాత ప్రైమావెరా నేర్చుకోండి. సర్టిఫికెట్ తలుపు తీస్తుంది. పై అధికారికి నచ్చదని తెలిసినా నాలుగు కోట్ల పనిని నాలుగు కోట్లే అని రాసే చేతికి, పదేళ్ల తర్వాత కూలీ, కాంట్రాక్టరు, సర్కారు ముగ్గురూ విలువిస్తారు. ఈ వృత్తిలో సాధించాల్సిన పేరు అదే.