తాళ్ళకొండపాటి మూఁడు నియమములు

క్రీ. శ. 1878వ సంవత్సరము జూలై 3వ తేదీని, ఒంగోలునకుఁ బదిమైళ్ళ దూరముననున్న వెల్లంపల్లికడ గుండ్లకమ్మ యేటిలో నొక్కదినమున 2,222 మంది బాప్తిస్మము గొనిరి. ఈ సంఖ్య సంఘచరిత్రములయందు బహుధా కీర్తింపఁబడినది. కాని దానికిముందు పండ్రెండేండ్లు నడచిన గ్రామజీవితము సంఖ్యకంటె నెక్కువగా విచారింపఁదగియున్నది.

ఎఱ్ఱగుంట్ల పేరయ్య తాళ్ళకొండపాటి మాదిగకులస్థుఁడు, తోళ్ళవర్తకుఁడు. క్రైస్తవబోధ వినుటకుఁ బూర్వమే రాజయోగము నభ్యసించి తనవారిలో గౌరవము నొందినవాఁడు. 1866లో నొంగోలున జ్యూయెట్టు దొరవలన బాప్తిస్మము నొంది, స్వగ్రామమునకు మరలి బోధించెను. 1867 జనవరిలో క్లౌ దొర యచ్చటికిఁ బోయి 28 మందిని సంఘమునఁ జేర్చుకొనెను. వారికేర్పడిన నియమములు మూఁడు: ఆదివారమునఁ బని చేయరాదు, చచ్చిన పశువుల మాంసము తినరాదు, విగ్రహములఁ గొలువరాదు.

పట్టణవాసుల కివి తేలికగాఁ దోఁచును. పల్లెలో నట్లు గాదు. మాదిగవాఁడు రైతునకుఁ జెప్పులు కుట్టి, కపిలెబాన బాగుచేసి, పొలమునఁ బాటుపడి, కల్లమున ధాన్యము గొనెడివాఁడు. చచ్చిన పశువు వాని హక్కు. గ్రామదేవత జాతరలో డప్పు వాయించుట వాని విధి. కోఁతకాలమున నాదివారమని చెప్పిన రైతు వినునా? కావున నీ నియమములలో నొకటి కూలిని, ఒకటి కూటిని, ఒకటి యూరి కట్టుబాటును దాఁకినవి. ఫలితము వెంటనే కనఁబడెను. గ్రామాధికారు లాగ్రహించిరి, అంగళ్ళలో సరకు లమ్మరైరి, నీటికిఁ బోవు దారి యడ్డగించిరి, కొందఱు దెబ్బలు తినిరి. కూటికొఱకు మతము పుచ్చుకొనిరను నింద యీ తొలినాళ్ళకుఁ బొసఁగదు. వారు మొదటఁ బోఁగొట్టుకొన్నది కూడే.

ఆ నింద కవకాశము 1876-78 నాఁటి ధాతకరవున గలిగెను. అప్పుడు త్రవ్వఁబడుచుండిన బకింగుహాము కాలువలోఁ గొంతభాగమును క్లౌ గుత్తకుఁ గొని, తన బోధకులనే మేస్త్రీలుగా నియమించి, వేలమందికిఁ బని కల్పించెను. పని విడిచినపిదప బోధకులు కూలివాండ్రతోఁ గూర్చుండి మాటలాడెడివారు. బాప్తిస్మ మడిగినవా రనేకులు. అతఁ డించుమించుగాఁ బదునైదు నెల లెవ్వరికి నీయఁడాయెను. అన్నమునకై వచ్చినవాఁ డన్నము దీఱఁగనే పోవునని యతని శంక. సహాయము నిలిచిపోయినదని తెలిపిన తరువాతఁగూడ జనులు మరలకుండుటచేతనే యంగీకరించెను.

దొర నిగ్రహమును మెచ్చుకొనుట న్యాయమే. కాని కరవున నొకరి శంకకై యన్నినెలలు వేచియుండినవారి నిగ్రహ మంతకు దీసిపోదు. వారి పేళ్ళలోఁ బెక్కులు నిలువలేదు. క్లౌ భార్య యెమ్మా 1899లోఁ బ్రకటించిన 'వైల్ సోయింగ్ శాండల్స్' అను గ్రంథమునఁ గొందఱి బ్రదుకులు దొరకుటయే మేలు.

వెల్లంపల్లికడ నాఁడు క్లౌ తాను నీట దిగలేదు. ఆర్గురు తెలుఁగు బోధకులు, ఇద్దఱిద్దఱు చొప్పున వంతులు మార్చుకొనుచు, ఉదయము మొదలు సాయంకాలమువఱకు నా కార్యము నడపిరి.