పేరు పెట్టి పిలిచిన తెల్లవారుజాము



ఈస్టర్ రోజు మన తెలుగు ఊళ్లలో చాలాచోట్ల క్రైస్తవులు తెల్లారకముందే సమాధుల దగ్గరికి పోతారు. ముందురోజే గడ్డి పీకి, సున్నం కొట్టి, పూలు పెట్టి ఉంటారు. చీకట్లో కొవ్వొత్తులు వెలిగించి, పాడుకుంటూ తూరుపు తెల్లబారే దాకా అక్కడే ఉంటారు. అంగళ్లులో చదువుకుంటున్న మాలో కొందరిది చర్చి, కొందరిది సేవాలాల్ గుడి, కొందరిది ఊరి గంగమ్మ. ఎవరి నమ్మకం వాళ్లది. కానీ చనిపోయి తిరిగి లేచిన ఒక మనిషి కథ మన వాళ్ల దాకా ఎట్లా వచ్చింది, వాళ్లు దాన్ని ఏం చేసుకున్నారు అనేది మనందరి చరిత్ర. అందుకే ఈ పోస్టు.

మొదట మన ప్రాంతం సంగతి. 1863లో జేకబ్ చేంబర్లేన్ అనే అమెరికన్ మిషనరీ మదనపల్లెలో కాపురం పెట్టాడు. ఆర్కాట్ మిషన్ మనిషి, పైగా డాక్టరు. అప్పటికి చిత్తూరు జిల్లానే లేదు, మదనపల్లె కడప జిల్లాలో ఉండేది. అదే ఏడు ఆయన నైజాం మీదుగా గోదావరి దాకా పోయి, సుమారు 1200 మైళ్లు తిరిగొచ్చాడు. ఒక చేత్తో మందు, ఒక చేత్తో పుస్తకం, అదీ ఆయన పద్ధతి. 1908లో చనిపోయేదాకా ఆయన పని ఎక్కువగా ఈ గడ్డ మీదే సాగింది.

ఆ తర్వాత 1912లో కొన్ని మిషన్లు కలిసి మదనపల్లెలో క్షయ రోగుల కోసం ఆస్పత్రి మొదలుపెట్టాయి. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమాట్ మోలర్ దాన్ని నడిపించాడు. 1915లో ఊరి బయటికి మారింది. అదే ఆరోగ్యవరం. అప్పటికి క్షయకి మందు లేదు. మంచి గాలి, తిండి, నెలల తరబడి విశ్రాంతి, అంతే. దగ్గుతో రక్తం పడితే చాలు, ఇంట్లో వాళ్లే కంచం, చెంబు వేరుగా పెట్టేవాళ్లు. బతికుండగానే మనిషిని లెక్కలోంచి తీసేసినట్టు. అక్కడి నుంచి నయమై ఇంటికొచ్చిన మనిషి మళ్లీ నలుగురితో కూర్చుని అన్నం తిన్నాడంటే, ఆ ఇంటికి పునరుత్థానం అంటే ఏందో ఎవరూ విడమరిచి చెప్పే పని లేదు.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇప్పుడు కష్టమైన భాగం.

మన ఎరుకల వాళ్లు గాడిదల మీద, సుగాలీలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసి ఊరూరా అమ్మిన వాళ్లు. ఉప్పు మీద సర్కారు పట్టు బిగించింది, రైళ్లు వచ్చాయి, ఆ బేరం దెబ్బతినింది. బేరం పోయాక కూడా తిరిగే వాళ్లని సర్కారు అనుమానంగా చూసింది. 1871లో నేరస్త తెగల చట్టం వచ్చింది. 1911లో కొత్త చట్టం చేసి మద్రాసు రాజ్యానికీ తెచ్చారు. పుట్టుకతోనే దొంగ అని ముద్ర. వేలిముద్రలు, రిజిస్టర్లో పేర్లు, రోజూ హాజరు, పాసు లేకుండా ఊరు దాటకూడదు.

కొద్ది ఏళ్లకే ఆ తెగల కోసం సెటిల్‌మెంట్లు పెట్టారు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురాన్ని సాల్వేషన్ ఆర్మీ నడిపింది. నెల్లూరు జిల్లా కావలిలో అమెరికన్ బాప్టిస్టులు నడిపారు. అక్కడ బడి ఉంది, పని ఉంది, ప్రార్థన ఉంది. కాపలా కూడా ఉంది. సమాధి మీద రాయి దొర్లిపోయిందని చెప్పిన వాళ్ల చేతిలోనే హాజరు పుస్తకం కూడా ఉండింది. ఈ రెండూ నిజాలే. ఒకటి చెప్పి ఒకటి దాస్తే అది చరిత్ర కాదు.

మరి అంత జరిగినా మన వాళ్లలో చాలామంది ఆ కథని ఎందుకు పట్టుకున్నారు? మాకు తోచింది చెప్తాం. యోహాను సువార్తలో మగ్దలేనే మరియ చీకటితో సమాధి దగ్గరికి పోతుంది. ఎదురుగా నిలబడిన మనిషిని తోటమాలి అనుకుంటుంది. ఆయన పేరు పెట్టి పిలిస్తే అప్పుడు గుర్తుపడుతుంది. దీన్ని సెటిల్‌మెంట్‌లో ఉన్న ఒక అవ్వ వింటున్నట్టు అనుకోండి. ఆమె పేరునూ పిలుస్తున్నారు, కానీ పారిపోలేదని లెక్క చూసుకోడానికి. కథలో పిలిచిన పిలుపు వేరే. అది మనిషిని మనిషిగా గుర్తుపట్టే పిలుపు.

ఇంకోటి. లూకా సువార్త ప్రకారం ఆ ఆడవాళ్లు పోయి చెప్తే శిష్యులే నమ్మలేదు, వట్టి మాటలని కొట్టిపారేశారు. స్టేషన్‌లో మన మాట ఎప్పుడు చెల్లింది గనక? నమ్మని వాళ్ల మధ్య నిలబడి నిజం చెప్పడం మన వాళ్లకి కొత్త కాదు.

పంచుకోవడం కూడా అట్లాంటిదే. ఆ కథలో లేచినవాడు పెద్ద సభ పెట్టలేదు. దారిలో ఇద్దరితో కలిసి నడిచాడు, రొట్టె విరిచాడు, ఒడ్డున నిప్పులు చేసి చేపలు కాల్చి పెట్టాడు. గంపలు, చాపలు తలమీద పెట్టుకుని వాకిలి వాకిలి తిరిగే వాళ్లకి, ఎరుక చెప్పే వాళ్లకి, మాటని ఇంటింటికీ మోయడం ఒకరు నేర్పాలా?

1952 ఆగస్టు 31న ఆ చట్టం దేశమంతా రద్దయింది. అందుకే ఆ రోజుని విముక్త జాతుల దినంగా జరుపుకుంటాం. చట్టం చచ్చింది, అనుమానం మాత్రం లేచి తిరుగుతానే ఉంది. హాస్టల్లో ఫోన్ పోతే ముందు మన పెట్టె వెతుకుతారు. అందుకే మాలో కొందరు కులం పేరు అడిగితే తల దించుకుంటారు. ఇంకొందరు చర్చికి పోతే ఎస్టీ పోతుందని భయపడి దాచిపెడతారు. 1950 నాటి షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో మతం షరతు లేదు. ఇది తెలుసుకోండి, తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ చెప్పండి.

నమ్మేవాళ్లకి పునరుత్థానం దేవుని పని. నమ్మని వాళ్లకి కూడా అందులో చేయదగ్గ పని ఒకటుంది. ముద్ర వేసి పక్కన పెట్టిన మనిషిని పేరు పెట్టి పిలవడం. టమోటా మండీలో గంపలు మోసే అన్నని, మెస్‌లో గిన్నెలు కడిగే అక్కని ఏమని పిలుస్తున్నాం? అక్కడి నుంచే మొదలుపెడదాం.

ఈసారి సెలవులకి పోయినప్పుడు మీ తాండాలో, మీ కాలనీలో అవ్వాతాతల పక్కన కూర్చోండి. రిజిస్టర్లో రాసిన పేరు కాదు, వాళ్లమ్మ పిలిచిన పేరు అడగండి. రాసుకొచ్చి ఇక్కడ పెట్టండి. అందరం చదువుకుందాం.