రౌటర్ లాగ్‌కు మతిమరుపు ఎక్కడిది?

ఇంటి రౌటర్ సెట్టింగుల్లో ఎక్కడో అడుగున 'సిస్టమ్ లాగ్' పేజీ ఒకటి ఉంటుంది. నెట్ పోయినరోజు దాన్ని తెరిస్తే కావలసిన వరుసలు ఉండవు, ఉన్నవాటికి తేదీ సరిగా ఉండదు. తయారీదారుల అశ్రద్ధ అనుకుంటాం గానీ, ఈ లోపాల్లో చాలావాటి వేళ్లు దాని పుట్టుకలోనే ఉన్నాయి. 1980ల తొలినాళ్లలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ ప్రాంగణంలో ఎరిక్ ఆల్మన్ ఈమెయిల్ చేరవేసే సెండ్‌మెయిల్ ప్రోగ్రాం రాస్తూ, అది చేసే పనులను నమోదు చేయడానికి సిస్‌లాగ్‌ను తయారుచేశారు. పనికొస్తుందని తేలాక మిగతా ప్రోగ్రాంలూ దాన్ని వాడుకున్నాయి. బీఎస్‌డీ యూనిక్స్‌తో పాటు ఊళ్లు దాటింది, తర్వాత నెట్‌వర్క్ పరికరాల్లోకీ వచ్చింది. ఇంతా చేసి 2001 దాకా దానికి అధికారిక వివరణే లేదు. ఆ ఏడాది వచ్చిన ఇంటర్నెట్ సాంకేతిక పత్రం ఆర్‌ఎఫ్‌సీ 3164 కూడా అప్పటికే నడుస్తున్న వాడుకను వర్ణించిందే తప్ప నియమం పెట్టలేదు. ప్రమాణం అనదగినది 2009 నాటి ఆర్‌ఎఫ్‌సీ 5424.

సందేశం ఆకారంలోనే ఈ చరిత్ర కనిపిస్తుంది. రౌటర్ పంపే వరుస మొదట్లో 30 అని ఉందనుకోండి. సందేశం ఏ విభాగానిదో చెప్పే అంకెను 8తో హెచ్చించి, తీవ్రత అంకెను కలిపితే వచ్చేది అది: విభాగం 3 అంటే వెనకాల నడిచే సేవలు, తీవ్రత 6 అంటే మామూలు సమాచారం. తీవ్రతలో 0 అత్యవసరం, 7 డీబగ్. విభాగాల జాబితాలో మెయిల్, ప్రింటర్, యూయూసీపీ ఇప్పటికీ ఉన్నాయి. వైఫైకి మాత్రం చోటు లేదు! పాత పద్ధతిలో నెల, తేదీ, సమయం ఉంటాయి గానీ సంవత్సరం ఉండదు. పెద్ద డిస్కు, సరైన గడియారం, రోజూ చూసుకునే నిర్వాహకుడు ఉన్న కంప్యూటర్‌కు అది లోటు కాలేదు.

ఇంటి రౌటర్‌కు ఈ మూడూ లేవు. 2002 చివర్లో వచ్చిన లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ తొలి రకాల్లో ఫ్లాష్ 4 ఎంబీ, ర్యామ్ 16 ఎంబీ. పదేపదే రాస్తే ఫ్లాష్ అరుగుతుంది కాబట్టి ఇలాంటి పరికరాల్లో లాగ్‌ను ర్యామ్‌లోనే ఉంచుతారు. నిండితే పాత వరుసల మీద కొత్తవి పడతాయి, కరెంటు పోతే అన్నీ పోతాయి. చాలావాటిలో గడియారానికి బ్యాటరీ ఉండదు; ఇంటర్నెట్ నుంచి సమయం అందేదాకా కొన్ని 1970 జనవరి 1నే చూపిస్తుంటాయి. 2016లో రౌటర్లనూ కెమెరాలనూ పట్టుకున్న మిరాయ్ వైరస్ కూడా ర్యామ్‌లోనే ఉండేది. రీస్టార్ట్ చేస్తే అదీ పోయేది, దాని ఆనవాళ్లున్న లాగూ పోయేది. అందుకే లాగ్‌ను వేరే యంత్రానికి పంపే సదుపాయం అదనపు హంగు కాదు, అసలు పని అదే అంటాను.

ఇంట్లో ఇవన్నీ ఎవరు చదువుతారని అడగవచ్చు. రోజూ ఎవరూ చదవరు. నెట్ ఎన్నిసార్లు తెగిందో ప్రొవైడర్‌కు చూపించాల్సి వచ్చినప్పుడు చదువుతారు. సిస్‌లాగ్ వాడే యూడీపీ 514 పోర్టులో గోప్యత లేదు, సందేశం చేరిందన్న రసీదూ లేదు, పంపింది ఎవరన్న నిర్ధారణా లేదు అన్నది ఇంకొంచెం బలమైన అభ్యంతరం. నిజమే, బర్క్‌లీ నాటి నమ్మకం అది. 6514 పోర్టు మీద గుప్తీకరించి పంపే మార్గం 2009లోనే వచ్చినా ఇంటి రౌటర్లలో అరుదు. కాబట్టి లాగ్‌ను ఇంటి గడప దాటనివ్వకూడదు. అన్నిటికన్నా బరువైన అభ్యంతరం నిఘా గురించి: ఏ ఫోన్ ఎప్పుడు వైఫైలో చేరిందో చూస్తే ఇంట్లోవాళ్ల రాకపోకలు తెలిసిపోతాయి. దీనికి పూర్తి జవాబు లేదు. డీబగ్ స్థాయి జోలికి పోకుండా, చూసిన సైట్లను నమోదు చేసే సదుపాయం ఉంటే ఆపి, సంగతి ఇంట్లో అందరికీ చెప్పడమే మర్యాద.

ముందు టైమ్ జోన్, ఇంటర్నెట్ నుంచి సమయం అందించే ఎన్‌టీపీ సరిచేయండి. తర్వాత ఎప్పుడూ నడిచే కంప్యూటర్‌లో లాగ్ అందుకునే ప్రోగ్రాం పెట్టి, దాని ఐపీ అడ్రస్ మారకుండా చేసి, రౌటర్ లాగ్ పేజీలో ఇవ్వండి. ఒకసారి రౌటర్‌ను రీస్టార్ట్ చేసి, అంతకుముందరి వరుసలు ఆ కంప్యూటర్‌లో ఉన్నాయో లేదో చూసుకోండి.