పిండిబూర పుట్టుపూర్వోత్తరములు

భీష్మైకాదశినాటి అంతర్వేది తీర్థమునుండి ఇంటికి మళ్ళే పిల్లల చేతులలో జీళ్ళ పొట్లముతోపాటు రంగురంగుల బూరలు తప్పక ఉంటాయి. ఊదిన బూర ఆయుర్దాయము ఒకటి రెండు రోజులే. కాని ఊదకుండా దాచుకొన్న బూరకు మరొక జన్మ కలదు. వంటింటి డబ్బాలోని బియ్యపుపిండిని కాగితపు గరాటుతో దానిలోనికి దించి, పుల్లతో కూరి, మూతి బిగించి ముడివేస్తే అరచేతిలో ఇమిడే మెత్తని ముద్ద తయారవుతుంది. దానిని నొక్కితే నొక్కిన రూపము తాల్చుతుంది. ముక్కు లాగితే ముక్కు వస్తుంది, చెవి లాగితే చెవి వస్తుంది. సిరాతో రెండు కండ్లు దిద్దితే బొమ్మ. ఇటువంటి దానినే పట్టణపు దుకాణాలలో ‘స్ట్రెస్ బాల్’ అని అమ్ముతున్నారు. నురుగువంటి మెత్తని పదార్థముతో పోతపోసిన బొమ్మలకు ‘స్క్విషీ’ అని పేరు.

పరీక్షల రోజులలో విద్యార్థి ఈ ముద్దను పిసుకుతూ కూర్చుంటే పెద్దలు కసరుకోవడము సహజమే. పిండి దండుగ అని తల్లి, కాలము దండుగ అని మాస్టారు. అయితే బూరను, దానిలో నింపే సరుకును గురించి శ్రద్ధగా ఆలోచించినవారిలో ఫారడే, రెనాల్డ్సు వంటి మహాశాస్త్రజ్ఞులు ఉన్నారు. బొమ్మలో ఉన్నవి రెండే భాగములు: పైన తొడుగు, లోపల సరుకు. రెండింటి చరిత్రలూ వేరు వేరు. తొడుగు చరిత్రలో ఒక చిన్న ప్రకరణము సామర్లకోటతో ముడిపడి ఉన్నది.

రబ్బరు రాకముందు మన పల్లెలలో మెత్తని బంతులు లేకపోలేదు. పాతగుడ్డ పీలికలు చుట్టి నూలుతాడు బిగించిన బంతి ఉండేది. బూరుగు దూది కూరిన బంతి ఉండేది. కోనసీమలో కొబ్బరాకు బంతి నేటికీ అల్లుతారు. పచ్చియాకుతో అల్లినంతసేపూ అది నొక్కితే లొంగి, వదలితే కొంత తేరుకొంటుంది. రెండు ఎండలు తగిలితే గలగలలాడే డొల్ల. గుడ్డ బంతి నొక్కితే నొక్కినట్లే ఉండిపోతుంది. లొంగడము, తిరిగి లేవడము అనే రెండు గుణాలూ పుష్కలముగా ఉన్న పదార్థము చెట్టుపాలలో దాగి ఉన్నదని ముందు కనుగొన్నవారు మెక్సికో ప్రాంతపు ప్రాచీనులు. ఎల్ మనాతీ అనే చోట బురదలో చెడకుండా దొరికిన రబ్బరు బంతులు సుమారు క్రీ. పూ. 1600 నాటివి. అక్కడివారు ఒక చెట్టుపాలలో, రాత్రివేళ తెల్లని పూలు పూచే ఒక తీగరసాన్ని కలిపి పేరబెట్టేవారనీ, ఆ రసమే బంతికి ఎగిరే గుణాన్ని ఇచ్చినదనీ 1999 లో అమెరికా పరిశోధకులు ప్రయోగపూర్వకముగా చూపినారు.

ఇక సామర్లకోట మాట. విలియం రాక్స్‌బరో అనే స్కాట్లండు వైద్యుడు 1776 లో ఈస్టిండియా కంపెనీ కొలువులో మద్రాసు చేరి, 1781 నుండి సామర్లకోటలో ఉన్నాడు. వైద్యముకంటె మొక్కలమీదనే ఆయన మనసు. అక్కడ తోట వేసి మిరియపు తీగలు పెంచినాడు. స్వదేశీ చిత్రకారులచేత చుట్టుపక్కల మొక్కలకు బొమ్మలు వేయించినాడు. తెలుగువారు ఏ మొక్కను ఏ పేరుతో పిలుస్తారో అడిగి వ్రాసుకొన్నాడు. ఆ కృషి ఫలితముగా కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథము 1795 నుండి సంపుటములుగా లండనులో వెలువడినది. 1793 లో ఆయన కలకత్తా వృక్షోద్యానమునకు అధిపతిగా వెళ్ళినాడు. 1798 లో పెనాంగు, సుమత్రాలలో దొరికే ఒక రబ్బరు తీగను వర్ణించి ప్రకటించినాడు.

పన్నెండేండ్ల తరువాత, 1810 లో, సిల్హెట్ నుండి స్మిత్ అనే ఆయన రాక్స్‌బరోకు తేనె పంపినాడు. తేనె వచ్చినది కుండలో కాదు, పేముబద్దలతో అల్లిన బుట్టలో! బుట్టనుండి తేనె ఒక్క చుక్కకూడ కారలేదు. చూడగా బుట్ట లోపల ఏదో చెట్టుపాలు పూసి ఉన్నవి. ఆ చెట్టును తెప్పించి పరీక్షించి రాక్స్‌బరో పెట్టిన పేరే ‘ఫైకస్ ఇలాస్టికా’, అనగా సాగే గుణముగల మర్రిజాతి చెట్టు. మర్రి, రావి, మేడి దాని దాయాదులే. పనస కోసిన చేతికి అంటే జిగట కొబ్బరినూనె రాయనిదే వదలదని గోదావరి ప్రాంతములో తెలియనివారు లేరు. ఆ పాలలోనూ రబ్బరు కొంత ఉన్నది. ఇతర జిగురుపదార్థములు కలిసి ఉండడముచేత మాత్రమే అది బూరకు పనికిరాదు. నేటి బూరలకు పాలిచ్చేది దక్షిణ అమెరికానుండి వచ్చిన హీవియా చెట్టు. 1876 లో వికామ్ అనే ఆంగ్లేయుడు బ్రెజిలు నుండి సుమారు 70,000 గింజలను లండను చేర్చగా వాటి సంతతి ఆసియా ఖండమంతా వ్యాపించినది. మారేడుమిల్లి కొండలలోకూడ నేడు ఆ చెట్లను చూడవచ్చును.

బూరను ముందు తయారుచేసినది బొమ్మల వ్యాపారి కాదు, మైకేల్ ఫారడే. 1824 లో లండను రాయల్ ఇన్‌స్టిట్యూషనులో ఉదజనివాయువుతో ప్రయోగములు చేయడానికి ఆయనకు సంచులు కావలసివచ్చినవి. రెండు పలుచని రబ్బరు రేకులను ఒకదానిపై ఒకటి పెట్టి, అంచులు కత్తిరించి నొక్కినాడు. పచ్చి రబ్బరు గనుక కోసిన అంచులు వాటంతటవే అతుక్కొన్నవి. అయితే లోపలి గోడలుకూడ అతుక్కొంటే సంచి ఏర్పడదు గదా! అందుకని లోపలివైపు పిండి రుద్దినాడు. పిండికీ బూరకూ ఉన్న చెలిమి ఈనాటిది కాదన్నమాట. మరుసటి సంవత్సరమే థామస్ హాంకాక్ అనే పారిశ్రామికుడు ఒక సీసాలో రబ్బరు ద్రావణము, దానికి తోడు ఒక పిచికారీ కలిపి అమ్మినాడు. బూరను కొన్నవారే ఇంట్లో చేసుకోవలె!

ఆ బూరలు మన వేసవికి నిలిచేవి కావు. పచ్చి రబ్బరు ఎండకు జిగటగా కరుగుతుంది, చలికి పెళుసెక్కుతుంది. గంధకము కలిపి కాచితే ఈ రెండు దోషాలూ పోతాయని 1839 లో అమెరికాలో చార్లెస్ గుడ్ఇయర్ కనుగొన్నాడు. 1847 లో లండనులో అటువంటి పక్వమైన రబ్బరు బూరలు బజారుకెక్కినవి. అచ్చును నేరుగా చెట్టుపాలలో ముంచి తీసే నేటి పద్ధతికి 1931 లో నీల్ టిలట్‌సన్ అనే అమెరికను దారితీసినాడు. ఆయన మొదటి అచ్చు పిల్లితలవలె కత్తిరించిన అట్టముక్క.

రబ్బరు సాగి మరల ఎందుకు ముడుచుకొంటుంది? దీనికి తొలి ఆధారము 1805 లో జాన్ గఫ్ ఇచ్చినాడు. ఆయన చిన్ననాటనే చూపు కోల్పోయినవాడు. రబ్బరు ముక్కను పెదవులకు తాకించి చటుక్కున సాగదీసినాడు; వెచ్చగా తగిలినది. కొంతసేపు ఆగి వదలినాడు, చల్లగా తగిలినది. బూరముక్క ఉన్న ప్రతి విద్యార్థీ అరనిమిషములో ఈ ప్రయోగము చేయవచ్చును. రబ్బరు అణువులు పొడుగైన గొలుసులు. మామూలుగా అవి చిక్కుపడిన నూలుఉండవలె అస్తవ్యస్తముగా ఉంటాయి. లాగితే ఒక వరుసలోనికి వస్తాయి. వదలితే, లోపలి ఉష్ణచలనము వాటిని మరల చిందరవందర చేస్తుంది. రబ్బరు ముడుచుకోవడమంటే ఇదే.

అంగళ్ళలో దొరికే స్క్విషీ బొమ్మలలో ఎక్కువ భాగము పాలీయురథేను నురుగుతో చేసినవి. ఒట్టో బేయరు జర్మనీలో 1937 లో ఈ పదార్థాన్ని సృష్టించినాడు. మంచి పరుపులు, మంచి చెప్పులు దీనితో తయారవుతున్నవి. దానిని నిందించ పనిలేదు. బొమ్మ తయారీలో వాడిన ద్రావకములు లోపల మిగిలిపోతేనే చిక్కు. 2018 లో డెన్మార్కు పర్యావరణశాఖ పన్నెండు స్క్విషీ బొమ్మలను పరీక్షించగా పన్నెండింటినుండీ హానికరమైన ఆవిర్లు వెలువడినవి. భారతదేశములో 2021 జనవరి 1 నుండి బొమ్మలకు ఐ.ఎస్.ఐ. ముద్ర తప్పనిసరి చేసినారు. ఘాటైన వాసనగల బొమ్మను పిల్ల పక్కలో పెట్టుకొని నిద్రపోతున్నప్పుడు ఈ సంగతి గుర్తుకు రావలె. పిండిబూరకు ఆ భయము లేదు, కాని దాని భయాలు దానికి ఉన్నవి. పగిలిన బూరముక్క పసిబిడ్డ గొంతులో అడ్డుపడితే ప్రాణాపాయము. పిండికి తడి తగిలితే బూజు, తగలకున్నా కొన్ని వారాలలో పురుగు.

లోపలి సరుకు కథ ఇంకా వింతైనది. మూడు బూరలు తీసుకొని ఒకదానిలో పిండి, ఒకదానిలో బియ్యము, ఒకదానిలో గోదావరి ఇసుక నింపితే మూడూ మూడు తీరులుగా నడుస్తాయి. బియ్యపుగింజలు వేళ్ళ మధ్య జారుతాయి. ఇసుక బరువుగా కదలుతుంది. పిండికణములు అతిసూక్ష్మములు గనుక ఒకదానినొకటి అంటిపట్టుకొంటాయి. వాటి నడుమ గాలి ఎక్కువ. అందుకే పిండిబూర అంత మెత్తన, పట్టిన రూపాన్ని అంతసేపు నిలుపుకోగలదు.

గింజల నడుమ ఖాళీ ఉంటుందని ధాన్యము కొలిచే చేతులకు ఏనాటినుంచో తెలుసు. కుంచములో ధాన్యాన్ని వదులుగా పోస్తే ఒక లెక్క, నేలకు తట్టి కుదించి పోస్తే మరొక లెక్క. కొనేవాడు కుదించమంటాడు, అమ్మేవాడు వద్దంటాడు. ఒకసారి బాగా కుదిరిన గింజల రాశిని కదిలిస్తే ఏమవుతుంది? ఈ ప్రశ్నను పట్టుకొన్నవాడు మాంచెస్టరులోని ఓవెన్సు కళాశాల ఆచార్యుడు ఆస్బర్న్ రెనాల్డ్సు. 1885 లో ఆయన చెప్పిన జవాబు విన్నవారికి తలక్రిందులుగా తోచినది: అటువంటి రాశి రూపము మార్చాలంటే అది ఉబ్బి తీరవలె.

బత్తాయిల గంపను తలచుకొంటే సంగతి తెలుస్తుంది. పై వరుస పండ్లు కింది పండ్ల నడిమి గుంటలలో కూర్చుంటాయి. పై వరుసను పక్కకు జరపవలెనంటే ప్రతి పండూ ముందు తన గుంటనుండి పైకి లేవవలె. అనగా రాశి మొత్తము కొంచెము పెద్దది కావలె.

రెనాల్డ్సు దీనిని చూపడానికి ఎన్నుకొన్నది రబ్బరు సంచినే. సంచిలో ఇసుక, నీరు నింపి, మూతికి గాజుగొట్టము అమర్చి, గొట్టములో కొంత ఎత్తువరకు నీరు నిలిపితే ప్రయోగము సిద్ధము. సంచిని పిసికితే నీరు పైకి ఎగబ్రాకుతుందని ఎవరైనా అనుకొంటారు. నీరు కిందికి దిగుతుంది! ఇసుకరేణువులు ఎడమై ఖాళీ పెరుగుతుంది. ఆ ఖాళీలోనికి నీరు పోతుంది. ఇక గొట్టము తీసివేసి, అదనపు నీరు లేకుండా మూతి బిగిస్తే? పెరిగే ఖాళీని నింపడానికి నీరు దొరకదు, వెలుపలి వాతావరణపు పీడనము సంచిని ఉబ్బనీయదు. అంతవరకు మెత్తగా ఉన్న సంచి రాయివలె బిగుసుకొంటుంది. బల్లలమధ్య పెట్టి నొక్కినా లొంగదు. 1886 లో ఈ ప్రయోగమును ఆయన సభికుల ఎదుట చూపినది రాయల్ ఇన్‌స్టిట్యూషనులోనే. అరువది రెండేండ్ల క్రితము ఫారడే బూరలో పిండి రుద్దినది అక్కడే.

ఈ నియమాన్ని రెనాల్డ్సు సముద్రపుటొడ్డునకూడ గుర్తించినాడు. అంతర్వేదిలోగాని ఉప్పాడలోగాని అల వెనుదిరిగిన తరువాత గట్టి తడియిసుకపై అడుగు వేస్తే, పాదము చుట్టూ ఇసుక క్షణకాలము తెల్లబడి పొడిగా కనిపిస్తుంది. నొక్కితే నీరు పైకి చిమ్మవలసింది పోయి లోపలికి ఇంకుతున్నది. బరువుకు రేణువులు కదలి ఎడమైనవి; నీరు ఆ ఎడములలోనికి పోయినది. పాదమెత్తగానే అడుగుజాడలో నీరు ఊరుతుంది. ఇంత సొగసైన సంగతి కనుగొన్న పెద్దమనిషి అంతటితో ఆగక, విశ్వమంతా నిండిన ఈథరుకూడ ఇటువంటి గింజల రాశియేనని వాదిస్తూ 1903 లో ఒక గ్రంథమే వెలువరించినాడు. ఆ గ్రంథమును నేడు చదివేవారు అరుదు; ఇసుకసంచి ప్రయోగము మాత్రము నిలిచినది.

1960 ప్రాంతమున లండనులో జె. డి. బెర్నాల్ ద్రవములలోని అణువుల అమరికను ఊహించడానికి ఉక్కుగుండ్లను రబ్బరు తిత్తిలో పోసి పిసికించినాడు. క్రమము లేకుండ ఎంత కుదించినా గుండ్లు నూటికి అరువదినాలుగు పాళ్ళకంటె చోటు ఆక్రమించవని ఆ కాలపు ప్రయోగములే తేల్చినవి.

2010 లో ఈ కథ మరొక మలుపు తిరిగినది. ఎరిక్ బ్రౌన్, హైన్రిక్ యేగర్, హాడ్ లిప్సన్ ప్రభృతులు అమెరికాలో ఒక యంత్రహస్తాన్ని ప్రకటించినారు. దానికి వేళ్ళు లేవు. వేళ్ళకు బదులుగా మామూలు బూర, దానిలో కాఫీపొడి. మెత్తని బూరను వస్తువుమీద ఒత్తితే అది ఆ వస్తువు ఆకారానికి సర్దుకొంటుంది. అప్పుడు లోపలి గాలిని పీల్చివేస్తే కాఫీకణములు బిగుసుకొని వస్తువును పట్టుకొంటాయి. ఘనపరిమాణములో నూటికి అరపాలు తగ్గినా చాలునట. పచ్చి గ్రుడ్డును చిట్లకుండ ఎత్తినది ఆ చేయి. వదలమంటే గాలి పంపితే చాలు.

పిండిబూర కట్టే పిల్లలకు ఈ కిటుకు కొత్తది కాదు. ముడివేసేముందు బూరమూతికి నోరు ఆనించి గాలి లాగితే ముద్ద ఇటుకవలె గట్టిపడుతుంది. పిండి నోటిలోనికి రాకుండ మూతికి పలుచని గుడ్డ అడ్డముపెట్టి ఇది చేస్తారు. గట్టిపడినదానిని చూసి చెడిపోయిందని ఎవరూ పారవేయరు. మూతి కొంచెము వదలితే గాలి చొరబడి పిండి మరల మెత్తబడుతుంది.